వయ్యారిభామ వచ్చిన త్రోవ

హైదరాబాదు నుండి కర్నూలు మీదుగా బెంగుళూరునకు పోవు రాజమార్గమున, జడ్చర్ల దాటిన పిమ్మట కొత్తకోట తగులును. అచ్చటి నుండి ఒక బాట వనపర్తి వైపునకు, మరియొక బాట ఆత్మకూరు వైపునకు చీలును. వానలు కురిసిన తరువాత ఈ బాటలలో దేనివెంట నడచినను, రెండు ప్రక్కల మోకాలెత్తున, నడుమెత్తున ఎదిగి తెల్లని చిన్ని పూలు పూచిన మొక్క యొకటి కానవచ్చును. దాని ఆకు క్యారెట్టు ఆకువలె చీలికలు చీలికలుగా నుండును. పూవు జొన్నగింజ యంత. బడిగోడ ప్రక్కన, బస్సులు నిలుచు చోట, కాలువగట్టున, వేరుశనగ చేని గెనెముపై, ఎక్కడ చూచినను అదియే. దానిని ఎరుగని పిల్లవాడుండడు. అది ఎప్పుడు వచ్చినదని అడిగినచో చెప్పగల పెద్దలు మాత్రము అరుదు.

ఈ మొక్కను శాస్త్రజ్ఞులు పార్థీనియం హిస్టెరోఫోరస్ అందురు. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరది. దీని పుట్టినిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతము. తెలుగువారు దీనిని వయ్యారిభామ యనిరి. నక్షత్రగడ్డి యనియు, కాంగ్రెసుగడ్డి యనియు కూడ పిలుతురు. మొలచిన నెల, నెలన్నరలో ఇది పూతకు వచ్చును. ఒక్కొక్క పూచెండునకు సాధారణముగా 5 విత్తనములే; కాని చెండ్లు వేలకొలది. బాగుగా ఎదిగిన మొక్క యొక్కటియే 15,000 మొదలు 25,000 వరకు విత్తనములు రాల్చగలదు. తడి చాలినచో ఏడాదిలో మూడు నాలుగు తరములు గడచును. గాలి, వరద, చక్రమునకంటిన మట్టి, పశువుల డెక్కలు, ఎరువుబండి, ఇసుక లారీ, ఏది దొరికిన దానిపై పయనించును. పశువులు దీనిని ఇష్టపడవు. ఆకలికి మేసినచో పాలు చేదెక్కును. తాకిన కొందరికి ఒడలు దద్దురులెక్కి పుండ్లు పడును. పుప్పొడి పీల్చిన కొందరికి ఆయాసము వచ్చును. ఇవి యన్నియు చాలమంది వినియున్న సంగతులే. వినబడనిది ఒక్కటి: ఈ ప్రాంతమునకు ఇది ఏ యేట, ఏ త్రోవను వచ్చినది?

దేశమునకు ఎట్లు వచ్చినదని అడిగిన వారికి మాత్రము సిద్ధముగా నున్న సమాధాన మొకటి కలదు. అమెరికా దేశము పి.ఎల్. 480 పథకము క్రింద పంపిన గోధుమలలో కలిసి వచ్చినదని అందరును చెప్పుదురు. కథ చక్కగా నున్నది. పరాయి తిండికి చేయి చాచిన దేశమునకు పరాయి కలుపు దక్కినదను నీతియు అందులో నిమిడియున్నది. కాని తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో కథ కొంత తడబడును. పూణే నగరమున చెత్తకుప్పలపై ఈ మొక్క కంటబడినది 1955లో. దానిని గూర్చి ఆర్. ఎస్. రావు అను వృక్షశాస్త్రజ్ఞుడు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో ప్రకటించినది 1956లో. పి.ఎల్. 480 శాసనము అమెరికాలో 1954 జులైలోనే వెలువడినను, దాని క్రింద భారతదేశముతో మొదటి ఒడంబడిక కుదిరినది 1956 ఆగస్టులో. అనగా మొక్క ముందు కనబడినది. ఆ గోధుమ తరువాత వచ్చినది. అయితే 1951లోనే అమెరికా ఋణముపై ధాన్యము దిగుమతి యైనది గనుక, గోధుమపై నేరము పూర్తిగా కొట్టివేయుటకును వీలు లేదు.

ఇంతటితో ముగియలేదు. డెహ్రాడూనులోని అటవీ పరిశోధన సంస్థలో ఎండబెట్టి భద్రపరచిన మొక్కల నడుమ, 1880లో బ్రాండిస్ సేకరించిన పార్థీనియపు నమూనా యొకటి ఉన్నదని తరువాతివారు కనుగొనిరి. అంతకు పూర్వము, 1814లో రాక్స్‌బర్గు ప్రకటించిన కలకత్తా తోటమొక్కల పట్టికలోనే ఈ పేరు కలదని ఇంకొందరు చూపిరి. మన సామర్లకోటలో ఏండ్ల తరబడి మొక్కలను పరిశీలించి కలకత్తాకు పోయిన రాక్స్‌బర్గే ఆయన. తోటలో నుండుట వేరు, ఊరిమీద పడుట వేరు, నిజమే. 1880 నాటి మొక్క ఒంటరిగా చచ్చియుండవచ్చును; 1950ల నాటి ధాన్యముతో క్రొత్త విత్తనములు వచ్చియుండవచ్చును. ఒక మొక్క ఒక్కసారియే రావలెనను నియమము లేదు. ఇచ్చట గమనింపదగినది వేరొకటి. కోట్ల జనులు నమ్మిన కథను ప్రశ్నింపగలిగినది ఒక అట్టకు అతికించిన ఎండుకొమ్మ, దానిక్రింద వ్రాసిన సంవత్సరము.

అట్టి కాగితములు లేని చోట జనులకు మిగులు సాక్ష్యము పేరొక్కటియే. పేరు ఒకప్పుడు సత్యము చెప్పును, ఒకప్పుడు చెప్పదు. కొత్తకోట చుట్టుపట్లనే మూడు ఉదాహరణలు గలవు. చెరువు శిఖములలో, వాగుగట్లపై దట్టముగా పెరుగు సర్కారుతుమ్మను చూడుడు. ఆ పేరు నిజము పలుకుచున్నది. 1877లో జమైకా నుండి తెప్పించిన విత్తనములను కడప మండలములోని కమలాపురమున నాటించినది సర్కారే. వంటచెరకునకై అటవీశాఖవారు కోరి తెప్పించిన చెట్టది. పాలమూరు గుట్టలపై తనంత తాను పెరిగి, బాలానగరు పేరుతో దేశమంతట ప్రసిద్ధి కెక్కిన సీతాఫలమును చూడుడు. అదియు అమెరికానుండి వచ్చినదే. కాని దానికి సీతమ్మ పేరు పెట్టుకొని మనవారు దాని పుట్టుకను మరచిరి. ఇక కాంగ్రెసుగడ్డి. గోధుమలు తెప్పించిన ప్రభుత్వమును బట్టి ఆ పేరు వచ్చినదని కొందరు, తెల్లటోపీలను పోలిన పూలను బట్టి వచ్చినదని కొందరు అందురు. ఏది నిజమైనను అందులో చరిత్రకంటె పరిహాసమే హెచ్చు. ఒకటి జ్ఞాపకము, ఒకటి మరపు, ఒకటి నింద. మూడును విదేశీ మొక్కలే. పరాయి దగుటయే దోషమైనచో పాలమూరు రైతు మిరపను, మొక్కజొన్నను, తుదకు తన వేరుశనగను కూడ వదలుకొనవలసి వచ్చును. వయ్యారిభామపై అభియోగము దాని పుట్టుక కాదు, దాని నడత.

ఈ ప్రాంతమున కాగితములు ఎందుకు లేకపోయినవి? గాంబుల్ దొర ఆరంభించిన మద్రాసు రాజధాని వృక్షజాల గ్రంథము 1915 మొదలు 1936 వరకు భాగములుగా వెలువడినది. కృష్ణ, తుంగభద్రల కావలనున్న కర్నూలు అందులో చేరెను. ఈవల నిజాము రాజ్యమున నున్న పాలమూరు చేరలేదు. 1930లలో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన సయీదుద్దీను హైదరాబాదు రాజ్యపు సామాన్య పుష్పజాతులను గూర్చి వ్యాసములు ప్రకటించెను. కర్నూలు మండలపు వృక్షజాలమును వెంకటరాజు, పుల్లయ్యగారలు 1995లో గ్రంథముగా తెచ్చిరి. ఇవి విలువైన కృషులు. అయినను మండల వృక్షజాల గ్రంథము చెప్పునది ఏ మొక్క ఉన్నదను మాట. అది ఎప్పుడు ఏ ఊరికి చేరినదని చెప్పుట దాని పని కాదు. పైగా మండలమను కొలత నిలుకడ గలది కాదు. 2016 అక్టోబరు 11న వనపర్తి జిల్లా ఏర్పడి కొత్తకోట అందులో చేరినది. అంతకు పూర్వము “మహబూబునగరు జిల్లాలో సర్వసామాన్యము” అని ఎవరైన వ్రాసియున్నచో, ఆ వాక్యము నేడు ఏ నేలకు వర్తించునో చెప్పుట కష్టము.

ప్రతి సర్వే నంబరునకు ప్రతి యేటను ఏమి పండినదో వ్రాయు ఆచారము మనకు లేకపోలేదు. పట్వారీ పహాణీలో జొన్నయా, ఆముదమా, వేరుశనగయా, బీడా అని వ్రాసెడివాడు. కాని శిస్తు చెల్లింపని మొక్క పహాణీకి ఎక్కదు. బీడు అను ఒక్క మాట క్రింద ఏమేమి మొలచినవో ఎవరును అడుగలేదు. అడిగియున్నచో నేడు పాలమూరు గ్రామములకు ఏ దేశమునందును లేని కలుపు చరిత్ర యుండెడిది.

వ్రాసిపెట్టినచో ఏమి తెలియునో చూపుటకు ఇంగ్లాండు నుండి ఒక్క ఉదాహరణ చాలును. సిసిలీ ద్వీపమున అగ్నిపర్వతపు గుల్లరాతి నేలలో పెరుగు పసుపుపూల మొక్క నొకదానిని ఆక్స్‌ఫర్డు నగరపు వృక్షవాటికలో పెంచిరి. అది వాటిక దాటి ఊరి గోడలకెక్కెను. 1844లో ఆ ఊరికి రైలు వచ్చెను. పట్టాల క్రింద పోసిన బొగ్గుచిట్టెము దాని పుట్టింటి నేలను పోలియుండుటచే, మొక్క రైలుకట్ట వెంబడి దేశమంతట వ్యాపించెను. ఔషధముల దుకాణము నడపుకొనుచు తీరికవేళల మొక్కల వెంట తిరిగిన డ్రూస్ అను పెద్దమనిషి, ఆక్స్‌ఫర్డు స్టేషనులో కిటికీగుండ పెట్టెలోనికి తేలివచ్చిన దూదివిత్తనములు టైల్‌హర్‌స్టు స్టేషనులో బయటికి పోవుట కన్నులార చూచి వ్రాసెను. అట్టివారి వ్రాతల వలననే ఆ మొక్క ఏ దశాబ్దమున ఏ ఊరు చేరినదో పటముపై గుర్తింప వీలైనది. ఆస్ట్రేలియాలో మన వయ్యారిభామనే తీసికొందము. క్వీన్స్‌లాండులో అది మొదట 1955లో కనబడినది; 1960 ప్రాంతమున టెక్సాసు నుండి తెప్పించిన గడ్డివిత్తనములతో వేరొక చోట మరల దిగినది. రెండు రాకలును వేరువేరుగా గుర్తించిరి గనుక, ఆ రెండవ త్రోవయే పెద్ద ముప్పునకు మూలమని వారికి తెలిసినది.

త్రోవ తెలిసిన లాభమేమి? మొక్క ఎట్లును వచ్చినది గదా యని అనువారుందురు. వారు అనంతపురమున 2000 సంవత్సరములో జరిగిన దానిని జ్ఞాపకము చేసికొనవలెను. ఆ వానకాలమున వేరుశనగ చేలు ఉన్నట్టుండి మొవ్వులు మాడి, కాండములు నల్లబడి చావసాగెను. మొదట దానిని ఎప్పుడును వచ్చు మొవ్వుకుళ్ళు తెగులే యనుకొనిరి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, అది పొగాకును పట్టు వేరొక వైరసు వలన వచ్చినదని తేల్చిరి. సుమారు 2,25,000 హెక్టార్ల పంట దెబ్బతినెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని అంచనా. ఆ వైరసునకు ఆశ్రయమిచ్చిన మొక్కలలో ప్రధానమైనది వయ్యారిభామ. దాని ఒంట వైరసు ఉన్నను పైకి రోగచిహ్న మేమియు కనబడదు. పచ్చగా, నిండుగా పూచుచునే యుండును. వైరసు పుప్పొడిలో దాగియుండును. ఆ పుప్పొడి గాలికిని, తామరపురుగుల ఒంటిపైనను ప్రయాణించి వేరుశనగ ఆకుపై పడును. తామరపురుగు ఆకును గీకినప్పుడు ఆ గాటుగుండ వైరసు లోన ప్రవేశించును. గెనెముపై నున్న కలుపు చేనిలోని పంటను తాకకయే చంపినదన్నమాట.

కొత్తకోట, వనపర్తి, గద్వాల ప్రాంతములు వేరుశనగకు పేరెన్నిక గన్నవి. ఇచ్చట యాసంగి పంట ముఖ్యము. వానలు వెనుకబట్టు సెప్టెంబరు, అక్టోబరు మాసములలో విత్తనము పడును. సరిగా అదే కాలమున వానకాలపు వయ్యారిభామ గెనెములపై నిండుపూతతో నిలిచియుండును. లేతమొలక ఒకప్రక్క, పుప్పొడి యొకప్రక్క. అనంతపురపు కష్టము ఇచ్చటికి రాదని ఎవరు చెప్పగలరు? పూతకు ముందే గెనెములు శుభ్రము చేయుట, చేని చుట్టు జొన్న, సజ్జ వరుసలు దట్టముగా విత్తుట శాస్త్రజ్ఞులు చెప్పిన నివారణలు. కాని ఒక రైతు తన గెనెము పెరికినంతమాత్రమున ప్రతియేటను మరల విత్తనము వచ్చి పడు త్రోవ మూతపడదు.

ఆ త్రోవ యేది? ఇచ్చటనే ఊహలు పలుదారులు పోవును. 2000ల దశకపు ఉత్తరార్ధమున రాజమార్గమును నాలుగు వరుసలకు వెడల్పు చేసిరి. జడ్చర్ల నుండి కొత్తకోట వరకు ఒక భాగము, కొత్తకోట నుండి కర్నూలు వరకు ఒక భాగము. మైళ్ళ కొలది మన్ను తిరుగబడెను. తిరుగబడిన మన్నే వయ్యారిభామకు ప్రీతి. అట్లయిన అది రోడ్డువెంట వచ్చినదా? వనపర్తి రోడ్డు స్టేషను మీదుగా పోవు రైలుకట్ట వెంట వచ్చినదా? జూరాల, భీమా కాలువల నీటిలో తేలి వచ్చినదా? సంతలో కొన్న పశువుల డెక్కలతో, దూరమునుండి కొన్న ఎరువుతో, విత్తనపు బస్తాతో వచ్చినదా? మన్నుపనికి దేశమెల్ల తిరిగి, ఎన్నియో ఆనకట్టలకును కాలువలకును చెమట ధారవోసిన పాలమూరు కూలీల సామానుతో తిరిగివచ్చినదా యని కూడ అనుకొనవచ్చును. కాని ఆధారము లేనప్పుడు బీదవానిపై నేరము మోపుట సులభము గనుక ఆ ఊహను మరింత జాగ్రత్తతో చూడవలెను. రోడ్డువెంట వచ్చునదైనచో రోడ్డు ప్రక్కలను పూతకు ముందు కోయించుట రోడ్డు శాఖ బాధ్యత. కాలువవెంటనైనచో నీరు విడుచుటకు ముందు గట్లను శుభ్రపరచుట నీటిపారుదల శాఖ పని. ఎరువుతోనైనచో దానిని బాగుగా మాగనిచ్చుట రైతు చేతిలోనే యున్నది. త్రోవ తెలియనంత కాలము అందరును అన్నిచోట్ల కొంచెము కొంచెము పెరికి, ఫొటో దిగి, ఇండ్లకు పోవుట జరుగుచుండును.

దీనికి విరుద్ధముగా, ఈ మొక్కను తిను పురుగు కథ యంతయు కాగితముపై నున్నది. జైగోగ్రామా అను చిన్న పెంకుపురుగును బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు 1983లో మెక్సికో నుండి తెప్పించి, పరీక్షించి, 1984లో బయట విడిచిరి. విడిచిన ఏడాది, విడిచిన చోటు తెలియును గనుక అది ఏటేట ఎంత దూరము పోయినదో కొలువ గలిగిరి. కొంతకాలమునకు అది ప్రొద్దుతిరుగుడు ఆకులు కొరుకుచున్నదని గగ్గోలు పుట్టెను. విచారింపగా, పార్థీనియపు పుప్పొడి రాలిన ఆకులనే అది కొరుకుచుండెనని తేలినది. మందు ప్రయాణమునకు లెక్క యున్నది. రోగపు ప్రయాణమునకు లెక్క లేదు.

లెక్క వ్రాయుటకు చట్టము మాత్రము నేడు ఒక పుస్తకమును చూపుచున్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి స్థానికసంస్థలోను ఒక సంఘము, ఆ సంఘము చేతిలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండవలెను. చాలకాలము ఇది నిద్రించెను. 2020 జనవరి 31 లోపల పూర్తి చేయవలెనని జాతీయ హరిత ట్రిబ్యునలు గడువు విధించిన పిమ్మట దేశమంతట హడావుడిగా రిజిస్టర్లు పూరించిరి. గడువునకై పూరించిన పుస్తకము ఎట్లుండునో బడిలో పనిచేయువారికి వేరుగా చెప్పనక్కరలేదు. అయినను ఆ రిజిస్టరులో కలుపు మొక్కలకు ఒక పట్టిక కలదు. ఆ పట్టికలో ఏ పొలమున, ఏ దినమున అను రెండు మాటలు చేర్చుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

చేర్చవలసినవారు ఎవరన్న ప్రశ్నకు, ప్రతి ఊరను ఉన్న సంస్థ బడి యొక్కటియే. వినాయకచవితికి పత్రి కొరకు పిల్లలు ఏటేట గట్టులు, చెరువుకట్టలు గాలించుచునే యున్నారు. ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, రేగు ఎచ్చట నున్నవో వారికి తెలిసినంత పెద్దలకు తెలియదు. ఆకు పోలికచే మాచిపత్రి యని వయ్యారిభామనే తెచ్చి దేవునికి సమర్పించుటయు కలదు. ఆ చూపునకే ఒక నోటుబుక్కు తోడు కావలెను: తేదీ, ఊరు, రోడ్డుప్రక్కా కాలువగట్టా, ఎన్ని మొక్కలు, మొలకయా పూతయా. చేతిఫోనులో తీసిన చిత్రమునకు తేదీ దానంతటదే పడును. నమూనా యెండబెట్టుటకు పాత దినపత్రిక చాలును. పుటకు పైనున్న తేదీ ఎట్లును అబద్ధమాడదు. ఈ మొక్కను పిల్లలచే వట్టి చేతులతో పట్టింపరాదు. తొడుగు వేసికొని ఉపాధ్యాయుడే ఒక్క కొమ్మ త్రుంచవలెను. ఒడలు పడనివారు దూరముగా నుండవలెను.

ఇందు మరొక మెలకువ కలదు. ఉన్నచోట ఉన్నదని వ్రాయుట ఎవరైన చేయుదురు. లేనిచోట లేదని వ్రాయుట మరింత విలువైనది. రోడ్డునకు దూరముగా, బండి చేరని గుట్టచరియలో తంగేడు, తగిరిస గుంపులుగా నిలిచి వయ్యారిభామకు చోటియ్యని నేల ఇంకను ఎచ్చటనైన యుండవచ్చును. ఈ యేట అచ్చట లేదని వ్రాసియుంచినప్పుడే, రేపు కనబడిన మొదటి మొక్క క్రొత్తదని తెలియును. ఒక్క మొక్కయై యున్నప్పుడు దానిని పెరుకుట పది నిమిషముల పని. 2019 డిసెంబరు 31న సరళాసాగరము కట్ట తెగినప్పుడు దిగువ నేలలపై వరద పారెను. ఆ నేలలలో పిమ్మట ఏ మొక్క మొదట తల యెత్తినదో, ఎన్ని వారములకో, వ్రాసిపెట్టిన నోటుబుక్కు ఏ బడిలోనైన నున్నచో దానికి వెల కట్టలేము.

జబల్‌పూరులోని కలుపు పరిశోధన సంస్థ ఏటేట ఆగస్టు 16 నుండి 22 వరకు పార్థీనియం అవగాహనా వారమును జరిపించును. స్వాతంత్ర్యదినోత్సవము ముగిసిన మరునాడే అది మొదలగును. కొత్తకోటలో యాసంగి వేరుశనగ విత్తుటకు అప్పటికి ఇంకను నెల దినములకు మించిన వ్యవధి యుండును.